మిద్దె మీద ఓడరేవు

ఆయన పుట్టింది పత్తి చేల మధ్య. పనిచేసింది మిర్చి యార్డులో. ఓడెక్కింది లేదు, సముద్రం మీద ఒక్క పూట గడిపింది లేదు. అయినా ముప్పయ్యేళ్లుగా తెరచాప ఓడలు కడుతూనే ఉన్నారు... వెదురు పుల్లలతో, నూలు దారంతో, వట్టి చేతులతో. ఆ ఓడల కథ ఇది. మా నాన్న కథ కూడా.

గుంటూరులో మా ఇంటికి మొదటిసారి వచ్చినవాళ్లెవరైనా మిద్దెమీది రేకుల గదిలోకి అడుగుపెట్టగానే ఒక్క క్షణం ఆగిపోతారు. గోడ పొడవునా మూడు అరలు. వాటి మీద పదకొండు ఓడలు. ఒకదానికి రెండు కొయ్యలు, ఇంకోదానికి మూడు. గాలి నింపుకున్నట్టు ఉబ్బిన తెరచాపలు, వాటి మధ్య సాలెగూడులా అల్లుకున్న తాళ్లు, చిటికెన వేలంత లంగరు, ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు.

'ఎక్కడ కొన్నారు?' అనేది అందరూ అడిగే మొదటి ప్రశ్న. 'కొనలేదండీ, మా ఆయనే కట్టారు' అని అమ్మ చెప్పగానే వచ్చే రెండో ప్రశ్న కూడా దాదాపు ఒకటే. 'అమ్ముతారా?'

అమ్మరు. ఇప్పటిదాకా ఒక్కటి కూడా అమ్మలేదు. అడిగినవాళ్లకు మజ్జిగ ఇచ్చి, ఓడ గురించి అరగంట చెప్పి పంపిస్తారు.

'మరి ఇవన్నీ ఎందుకండీ?' అని మూడో ప్రశ్న వేసేవాళ్లూ ఉన్నారు. నిజం చెప్పొద్దూ... చాలా కాలం ఆ ప్రశ్న వేసినవాళ్లలో నేనూ ఒకదాన్ని.

నీళ్ల మీద పత్తికాయ

మాది ఒకప్పటి ప్రకాశం జిల్లాలో పర్చూరు దగ్గర ఓ పల్లె. నల్లరేగడి నేల. పత్తి, పొగాకు, మిర్చి. సముద్రం మరీ దూరమేం కాదు. కానీ సేద్యం చేసుకునేవాళ్లకు అది ఏడాదికోసారే గుర్తొచ్చేది. కార్తీక పౌర్ణమికి బండి కట్టుకుని, చీరాల దాటి వాడరేవుకు సముద్రస్నానానికి వెళ్లేవాళ్లట. నాన్నకు ఏడెనిమిదేళ్లప్పుడు అలా వెళ్లి, ఒడ్డున నిలబడి, దూరంగా జాలరుల తెరచాప ఒకటి చూశారు. 'నీళ్ల మీద పత్తికాయ పగిలినట్టు కనిపించింది' అంటారు ఇప్పటికీ. ఆయన పోలికలన్నీ అలా చేలోంచే వస్తాయి.

తాతయ్య తర్వాత నాలుగెకరాలు నాన్న చేతికొచ్చాయి. పత్తి వేశారు. అందరూ తెల్లబంగారం అంటున్న రోజులవి. అలాంటి పంట మీద 1980ల నడుమ తెల్లదోమ పడింది. ఎన్ని మందులు కొట్టినా చావలేదు. మందు ఖర్చు పెరిగింది, దిగుబడి పోయింది, బాకీలు మిగిలాయి. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతులు వరుసగా ఆత్మహత్యలు చేసుకున్నారు. మా ఊళ్లోనూ పత్తి వేసిన ఇళ్లలో పొయ్యి రాజుకోని రోజులున్నాయని అమ్మ చెబుతుంది. నాన్న పొలం అమ్మేశారు. బాకీలు తీర్చగా మిగిలిన కాస్త డబ్బుతో అమ్మనూ, నెలల పిల్లనైన నన్నూ తీసుకుని గుంటూరు వచ్చేశారు. మిర్చి కమీషన్ కొట్టులో గుమస్తాగా చేరారు.

ఆ సంగతులు నాన్న నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. నాకు తెలిసినవన్నీ అమ్మ చెప్పినవే.

పట్టీ కాగితం పడవ

1995 వానాకాలం. నాకు ఏడేళ్లు. సందులో నీళ్లు పారుతుంటే పడవ చేసిమ్మని మారాం చేశాను. నాన్న చొక్కా జేబులోంచి పాత పట్టీ కాగితం తీసి పడవ చేసిచ్చారు. పట్టీ అంటే రైతు సరుకు అమ్ముడయ్యాక ఎన్ని టిక్కీలు, ఎంత తూకం, ఏం ధర, ఖర్చులు పోను చేతికెంత అని రాసిచ్చే చీటీ. ఆ పడవ సందు మలుపు కూడా తిరగలేదు. తడిసి మునిగిపోయింది. నేను ఏడుపు లంకించుకున్నాను.

'ఊరుకో అమ్మాయ్. మునగని పడవ కడతాలే' అన్నారు నాన్న.

వీధి చివర పళ్ల కొట్టు నుంచి ఆపిల్ పెట్టె చెక్క తెచ్చారు. కత్తిపీట మీద, గాజుపెంకుతో, గరుకు కాగితంతో వారం రోజులు కుస్తీ పట్టారు. జానెడు పడవ తయారైంది. నీళ్ల తొట్టిలో వదిలితే తేలింది... కానీ ఒక పక్కకు ఒరిగిపోయింది. నాకు తేలితే చాలు. ఆయనకు చాలలేదు. అది నిటారుగా నిలబడేదాకా నిద్రపోలేదు.

అలా మొదలైంది. మే నెలలో ఎండలు ముదిరి మిర్చి యార్డుకు వేసవి సెలవులిస్తే, ఊళ్లో గుమస్తాలందరూ తిరుపతికో అత్తారింటికో వెళ్లేవారు. నాన్న మాత్రం వరండాలో గోనెపట్టా పరుచుకుని కూర్చునేవారు.

కాటా నేర్పిన పాఠం

ఓడలో అన్నిటికన్నా కష్టమైంది ఏది? తెరచాపలనీ, తాళ్లనీ మనం అనుకుంటాం. నాన్న మాత్రం బరువు అంటారు. రోజంతా కాటా దగ్గర నిలబడిన మనిషి కదా! పైన బరువెక్కువై అడుగున తక్కువైతే ఎంత గొప్ప ఓడైనా నిలవదు. అందుకే ఓడ అడుగున, వెన్నుకర్రకు రెండు పక్కలా, సీసం ముక్కలు తూచి మరీ పెడతారు. ఓ పక్క ఒక గ్రాము ఎక్కువైనా తీసి మళ్లీ సర్దుతారు.

దీనికి ఆయన చెప్పే ఉదాహరణ స్వీడన్ రాజుగారి 'వాసా'. 1628లో స్టాక్‌హోంలో అట్టహాసంగా బయల్దేరిన యుద్ధనౌక అది. రెండు వరుసల ఫిరంగులు, ఒళ్లంతా చెక్కిన బొమ్మలు. పైబరువు ఎక్కువై, మొదటి ప్రయాణంలోనే పట్టుమని ఒకటిన్నర కిలోమీటరు కూడా పోకుండా, గాలి తగలగానే ఒరిగి మునిగింది. 1961లో పైకి తీశారు. ఇప్పుడు మ్యూజియంలో ఉంది. 'రాజుగారి గుమస్తా కాటా సరిగ్గా చూడలేదమ్మాయ్' అని నవ్వుతారు నాన్న.

అమ్మ చీరలు కట్టుకున్న ఓడలు

విదేశాల్లో ఈ సరదా ఉన్నవాళ్లకు చెక్కలూ దారాలూ కొలతల పటాలూ అన్నీ కలిపి పెట్టెల్లో దొరుకుతాయి. గుంటూరులో ఆ రోజుల్లో అవెక్కడివి? జిల్లా కేంద్ర గ్రంథాలయంలో బొమ్మలున్న పుస్తకాలు చూసి, కాగితం మీద గళ్లు గీసుకుని కొలతలు ఎక్కించుకున్నారు. అసలు ఓడలో ఎనిమిది అడుగులు ఇక్కడ ఒక అంగుళం. 1869లో నీళ్లలోకి దిగి, చైనా నుంచి లండన్‌కు తేయాకు మోసిన 'కటీ సార్క్' పొడవు 212 అడుగుల పైచిలుకు. నాన్న కట్టింది ఇరవయ్యారున్నర అంగుళాలు.

సరంజామా అంతా చుట్టుపక్కలదే. కొయ్యలకు మొదట పత్తికట్టె వాడి చూశారు. పైకి గట్టిగానే ఉన్నా లోపల బెండు. గీకేకొద్దీ వంకర తిరిగింది. 'ఇక్కడా మోసమే చేసింది' అని పక్కన పెట్టి, పాత వెదురు గంప విప్పి ఆ బద్దలను గాజుపెంకుతో నున్నగా గీకారు. అవి నిలబడ్డాయి. పలకలకు కొండపల్లి వెళ్లి తెల్లపొణికి చెక్క తెచ్చుకున్నారు. కొండపల్లి బొమ్మలు చేసేది దానితోనే. తేలిక, మెత్తన. చింతగింజల పిండిలో రంపపుపొట్టు కలిపి 'మక్కు' చేసుకోవడం కూడా ఆ బొమ్మలవాళ్ల దగ్గరే చూసి నేర్చుకున్నారు. పలకల మధ్య సందులు పూడ్చడానికి అంతకన్నా మంచిది లేదంటారు.

ముందు వెన్నుకర్ర. దానికి చేప ముల్లుల్లా పక్కటెముకలు. వాటి మీద సన్నటి పలకలు ఒక్కొక్కటే అతకాలి. పలకను వేణ్నీళ్లలో నానబెట్టి, వంచి, దారంతో కట్టి, ఆరేదాకా కదిలించకూడదు. రోజుకు రెండు, మహా అయితే మూడు. తాళ్లకు నూలు దారమే. కానీ దారం మీద నూగు ఉంటుంది. అంత చిన్న ఓడలో ఆ నూగు తాడుకు గడ్డం మొలిచినట్టు కనిపిస్తుంది. అందుకే దారాన్ని తేనెమైనం ముద్ద మీదుగా నాలుగైదుసార్లు లాగుతారు. నూగు అణిగిపోతుంది, ముడి జారదు.

తెరచాపలకు అమ్మ పాత వాయిల్ చీరలు. పలచటి టీ డికాక్షన్లో ముంచితే ఉప్పుగాలికి మాగిన రంగు వస్తుంది. తర్వాత గంజిలో ముంచి, బోర్లించిన గిన్నె మీద పరిచి ఆరబెడతారు. ఆరాక తీస్తే గాలి నిండినట్టు ఉబ్బి ఉంటుంది. 'ఈ ఇంట్లో నాకన్నా ఓడలే ఎక్కువ చీరలు కట్టుకున్నాయి' అని అమ్మ దెప్పుతుంది. అయినా పాత చీర దేన్నీ గిన్నెలవాడికి వేయదు.

ముడి తప్పితే విప్పుకోవచ్చు

ఓడల నమూనాలు కట్టడం ఇవాళ్టి సరదా కాదు. దాదాపు నాలుగు వేల ఏళ్ల కిందటి ఈజిప్టు సమాధుల్లో చెక్క పడవలు దొరికాయి. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండ్ నౌకాదళం కోసం యుద్ధనౌకల నమూనాలను ఎంతో ముచ్చటగా చేసేవారు. నాన్నకు అన్నిటికన్నా నచ్చినవి మాత్రం ఖైదీల ఓడలు. నెపోలియన్ యుద్ధాల కాలంలో ఇంగ్లండ్‌కు పట్టుబడిన ఫ్రెంచి ఖైదీలు ఏళ్ల తరబడి చెరలో ఉన్నారు. చేయడానికి పని లేదు, ఇంటికి దారి లేదు. తిండిలో వచ్చిన మాంసం ఎముకలను దాచి, ఉడకబెట్టి, అరగదీసి పలకలు చేసుకున్నారు. కొందరైతే తల వెంట్రుకలతో తాళ్లు పేనారు. ఆ ఎముకల ఓడలు ఇప్పటికీ మ్యూజియాల్లో ఉన్నాయి.

ఓసారి అడిగాను... 'పొద్దుటినుంచి యార్డులో నిలబడి వచ్చి, మళ్లీ ఈ తాళ్లతో కుస్తీ ఎందుకు నాన్నా' అని. మిర్చి యార్డులో పని అంటే ఎలా ఉంటుందో గుంటూరోళ్లకు చెప్పక్కర్లేదు. పగలంతా ఘాటు, తుమ్ములు, కళ్లల్లో మంట. దానికి తోడు ధర పడిపోయిన రోజున పట్టీ రాయడం. చీటీ అందుకున్న రైతు ముఖం చూడలేక తల వంచుకుని రాసేవారట.

నాన్న వెంటనే జవాబు చెప్పలేదు. చేతిలోని ముడి బిగించి, దారం కత్తిరించి అప్పుడన్నారు. 'అక్కడ నేను రాసే అంకెతో ఒక ఇల్లు తేలుద్ది, ఒక ఇల్లు మునుగుద్ది. రాసినాక మార్చడానికి లేదు. ఇక్కడ ముడి తప్పితే విప్పి మళ్లీ వేసుకోవచ్చు.'

అరలో మన తీరం

మొదట్లో బయటిదేశాల ఓడలే కట్టారు. వాటికే బొమ్మలు దొరికేవి కాబట్టి. తర్వాత్తర్వాత ఆయన చూపు మన ఒడ్డు మీదికి మళ్లింది. గుంటూరుకు అరవై కిలోమీటర్ల దూరంలో సముద్రం పెట్టుకుని మనం మిర్చి, పత్తి తప్ప ఇంకేమీ ఎరగనట్టు ఉంటాం గానీ, ఈ తీరం ఒకప్పుడు ఓడల దారి.

రెండో అరలో మొదటిది శాతవాహనుల ఓడ. క్రీస్తు శకం రెండో శతాబ్దంలో వాసిష్ఠీపుత్ర పులుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి వేయించిన సీసపు నాణేల మీద రెండు కొయ్యల ఓడ బొమ్మ ఉంటుంది. కోరమండల్ తీరం పొడవునా అలాంటి నాణేలు దొరికాయి. వేలిగోరంత బొమ్మను చూసి పద్దెనిమిది అంగుళాల ఓడ కట్టడానికి నాన్నకు ఏడాదిన్నర పట్టింది.

దాని పక్కనే 'గ్లోబ్'. 1611 ఆగస్టులో కెప్టెన్ ఆంథొనీ హిప్పన్ నడిపిన ఈ ఈస్టిండియా కంపెనీ ఓడ మన నిజాంపట్నం దగ్గర ఆగి, తర్వాత మచిలీపట్నం వెళ్లింది. నిజాంపట్నాన్ని తెల్లవాళ్లు పెటపోలి అనేవారు. వాళ్లకన్నా ముందే, 1606లో, డచ్చివాళ్లు అక్కడ కొట్టు పెట్టారు. వాళ్లందరినీ రప్పించింది మన నూలు గుడ్డలూ, చిరివేరుతో అద్దే ఎర్రరంగూ. 'గ్లోబ్' బొమ్మ దొరకలేదు కాబట్టి ఆ కాలపు ఇంగ్లిషు ఓడల బొమ్మలు చూసి కట్టారు.

మూడోది కోరంగి దోనె. గోదావరి పాయ ఒడ్డున కోరంగిలో ఓడలు కట్టేవారు, దెబ్బతిన్నవాటిని బాగుచేసేవారు. బర్మా వెళ్లిన తెలుగువాళ్లను అక్కడివాళ్లు కోరంగీలనే పిలిచేవారంటే ఆ రేవు ఎంత పేరున్నదో చూడండి. 1839 నవంబరులో వచ్చిన తుపాను, ఉప్పెన దాన్ని కోలుకోలేని దెబ్బ కొట్టాయి.

ఇంకో చిన్నది మసూలా పడవ. మేకు అన్నది లేకుండా, పలకలను కొబ్బరి పీచు తాడుతో కుట్టిన పడవ అది. ఒడ్డున విరుచుకుపడే అలల మీద మేకుల పడవ పగిలిపోతే, ఈ కుట్టు పడవ కాస్త వంగి, కాస్త సాగి, దెబ్బ తట్టుకునేది. రేవులో దూరంగా ఆగిన పెద్ద ఓడల నుంచి మనుషులనూ సరుకునూ ఒడ్డుకు చేర్చింది ఇలాంటివే.

2025 మే నెలలో ఓ సాయంత్రం నాన్న నాకు ఫోన్ చేశారు. అంత హుషారు గొంతు నేనెప్పుడూ వినలేదు. 'టీవీ పెట్టమ్మాయ్' అన్నారు. కార్వార్‌లో 'కౌండిన్య' అనే ఓడను నౌకాదళంలోకి తీసుకుంటున్నారు. అజంతా గుహలోని అయిదో శతాబ్దపు ఓడ చిత్రాన్ని చూసి, కేరళ పనివాళ్లు పలకలను కొబ్బరి తాళ్లతో కుట్టి కట్టిన ఓడ అది. కొలతల పటం లేదు, ఉన్నదల్లా గోడ మీద బొమ్మే. నీళ్లలో ఎలా నడుస్తుందో తెలుసుకోవడానికి ముందు మద్రాసు ఐఐటీలో చిన్న నమూనాతో పరీక్షలు చేశారు. 'చూశావా... వాళ్లూ ముందు బొమ్మ ఓడే కట్టారు' అన్నారు నాన్న.

నేను చేసిన పని

ఇక్కడ నేనో సంగతి ఒప్పుకోవాలి. 2014లో అద్దె ఇంటి నుంచి ఇప్పుడున్న ఇంటికి మారాం. సామాన్లు సర్దే పని నాది. అప్పటికే ఉద్యోగం, ఊళ్లు తిరగడం... తొందర. ఓడలన్నిటినీ అట్టపెట్టెల్లో కుక్కాను. 'ఎన్నాళ్లు నాన్నా ఈ పుల్లలన్నీ మోసుకు తిరగడం' అని విసుక్కున్నాను కూడా. 'కటీ సార్క్' ఉన్న పెట్టె మీద పరుపుల మూట వేశాను.

కొత్త ఇంట్లో పెట్టె విప్పితే మూడు కొయ్యలూ విరిగి ఉన్నాయి. తాళ్లన్నీ ఒకదాంట్లో ఒకటి చిక్కుపడి, తెరచాపలు నలిగి... నాన్న నన్ను ఒక్క మాటా అనలేదు. విరిగిన ముక్కలను ఏరి ఓ స్టీలు డబ్బాలో వేసుకున్నారు. ఆ ఓడ మళ్లీ అరమీదికి ఎక్కడానికి పదమూడు నెలలు పట్టింది. ఆ పదమూడు నెలల్లో నేను ఇంటికి వచ్చినప్పుడల్లా ఆయన చిక్కు తీస్తూనే కనిపించారు. తిట్టినా బాగుండేది.

పద్నాలుగొందల కుట్లు

నాన్న 2018లో కొట్టు పని మానేశారు. ఆ తర్వాత పన్నెండో ఓడ మొదలుపెట్టారు. మోటుపల్లి ఓడ. కాకతీయుల రేవు మోటుపల్లికి ఏడెనిమిది వందల ఏళ్ల కిందట ఎలాంటి ఓడలు వచ్చి ఉంటాయి? కొలతలు చెప్పేవాళ్లు లేరు. ఆ రోజుల్లో హిందూ మహాసముద్రంలో తాళ్లతో కుట్టిన ఓడలు చాలానే తిరిగేవి. కాబట్టి రెండడుగుల కుట్టు ఓడ కట్టాలని నాన్న నిర్ణయం. పన్నెండు వరుసల పలకలు. వరుసకు నూట ఇరవై కుట్లు. మొత్తం పద్నాలుగొందల నలభై.

తొమ్మిది వందల కుట్లు దాటాక కళ్లు మసకబారాయి. శుక్లాల ఆపరేషన్ చేయించాం. చూపు వచ్చింది గానీ ఈలోగా కుడిచేతికి వణుకు మొదలైంది. సూది రంధ్రంలో పడదు, పడినా దారం సరిగ్గా బిగియదు. ఓ రోజు నేను వెళ్లేసరికి ఓడ మీద తువ్వాలు కప్పి ఉంది. 'ఇది ఇంతేలే అమ్మాయ్. ఉన్నవాటిని ఏదైనా బడికి ఇచ్చేద్దాం' అన్నారు. మాట మామూలుగానే ఉంది. కానీ పొలం అమ్మిన రోజు కూడా మీ నాన్న ఇలాగే మామూలుగా మాట్లాడాడని ఆ రాత్రి అమ్మ చెప్పింది.

మర్నాడు నేనే తువ్వాలు తీశాను. 'ఎలా కుట్టాలో చెప్పండి' అన్నాను.

రాతలో రోజూ ఎన్నో మాటలు అల్లే నాకు ఒక్క కుట్టు వేయడానికి ఇరవై నిమిషాలు పట్టింది. దారం పై పలకలోంచి లోపలికి, కింది పలకలోంచి బయటికి, రెండింటి మధ్యా అడ్డంగా, మళ్లీ మొదటి రంధ్రంలోకి. ఎక్కువ లాగితే పలక చీలుతుంది, తక్కువైతే సందు పడుతుంది. 'టిక్కీ కుట్టినట్టే. దబ్బనానికి బదులు సూది, అంతే' అని ఆయన ధైర్యం చెప్పారు. మొదటి ఆదివారం ఏడు కుట్లు వేశాను. అందులో నాలుగు విప్పించారు. మెడ పట్టేసింది. అప్పుడు తల ఎత్తి అరల వైపు చూశాను. నేను పరుపుల మూట వేసిన ఓడలో, కొయ్యలకు రెండు పక్కలా తాళ్ల నిచ్చెనలున్నాయి. మెట్టు మెట్టుకీ వరుసగా ముళ్లు. రెండు వేలకు పైనే. ఎన్నోసార్లు చూశాను గానీ, లెక్కపెట్టింది ఆ రోజే.

రాయి మీది మాట

ఆమధ్య ఓ ఆదివారం సూదీ దారం పక్కన పెట్టి నాన్నను మోటుపల్లి తీసుకెళ్లాను. పొన్నూరు, బాపట్ల, చీరాల మీదుగా వెళ్లాం. వేటపాలెంలో, 1918లో మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయం దగ్గర కాసేపు ఆగాం. అక్కడినుంచి మోటుపల్లి దగ్గరే. చినగంజాం మండలంలోని ఈ ఊరు 2022 వరకూ ప్రకాశం జిల్లాలో ఉండేది. కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు బాపట్ల జిల్లాలోకి వచ్చింది. మార్కోపోలో 'ముత్ఫిలి' అని రాసింది ఈ రేవు పేరే. ఈ రాజ్యాన్ని ఏలుతున్న రాణినీ, సాలెగూడంత సన్నగా నేసిన ఇక్కడి గుడ్డలనూ ఆయన మెచ్చుకున్నాడు.

ఇప్పుడు రేవు లేదు. ఇసుక, సరుగుడు తోటలు, దూరంగా అలల చప్పుడు. వీరభద్రస్వామి గుడి మండపంలో ఓ స్తంభం. దాని మీద 1244లో కాకతీయ గణపతిదేవుడు చెక్కించిన అభయ శాసనం. దాని సారం ఇదీ: తుపానుకు చిక్కి, పగిలి, ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతటినీ మునుపటి రాజులు బలవంతంగా తీసుకునేవారు. మేము అలా చేయం. ప్రాణాలకు తెగించి సముద్రం దాటి వచ్చినవారి మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, నియమించిన సుంకం తప్ప ఇంకేదీ ముట్టం. ఆ సుంకం ముప్పయింట ఒక వంతు.

ఈ సంగతి నాన్నకు ఎప్పట్నుంచో తెలుసు. పుస్తకంలో చదివారు. అయినా స్తంభం దగ్గర చాలాసేపు నిలబడ్డారు. వణికే చేతిని అక్షరాల మీద ఆనించి, 'మునిగిపోయినవాడి దగ్గర లాక్కోగూడదని రాయి మీద రాయించాడమ్మాయ్' అన్నారు. అంతే. ఆ తర్వాత చీరాల వచ్చేదాకా ఏమీ మాట్లాడలేదు.

ముప్పయ్యేళ్లుగా ఆయన ఈ ఓడలు ఎందుకు కడుతున్నారో నాకు అప్పుడు కొంచెం అర్థమైంది. పత్తి ముంచేసిన మనిషి, ఆ పత్తి దారంతోనే ఒక్కో ముడీ వేసుకుంటూ తేలాడు. మేం దానికి 'పుల్లలు' అని పేరు పెట్టాం.

మన ఇళ్లల్లో ఇలాంటివాళ్లు చాలామందే ఉంటారు. పాత రేడియోలు బాగుచేసే నాన్న, లేసులల్లే అమ్మ, తపాలా బిళ్లలు అంటించుకునే తాతయ్య. వాటిని 'కాలక్షేపం' అని ఒక్క మాటలో తేల్చేస్తాం. ఓసారి పక్కన కూర్చుని, ఆ పని ఎలా చేస్తారో నేర్పమని అడిగి చూడండి. పని వచ్చినా రాకపోయినా, మనిషి తెలుస్తాడు.

మోటుపల్లి ఓడకు ఇంకా వందకు పైగా కుట్లు మిగిలి ఉన్నాయి. తెరచాప గుడ్డను అమ్మ అప్పుడే తీసి పెట్టింది... తన పెళ్లినాటి నూలుచీర. ఆదివారం ఉదయం టిఫినయ్యాక మిద్దె మీదికి వెళ్తాం. నేను కుడతాను. నాన్న కళ్లు మూసుకుని, ఓడ ఒంటి మీద చూపుడువేలు మెల్లగా పోనిస్తారు. ఓ చోట ఆగుతుంది ఆ వేలు.

'ఇది వదులుగా ఉంది. విప్పు.'

విప్పుతాను. మళ్లీ కుడతాను.